ఉంగరం మీద బొటనవేలు

ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఆ పొద్దున నేను మూడు పెసరట్లు తిన్నాను. రెండింటితోనే కడుపు నిండింది. మూడోదాన్ని నీలిమ పెనం మీంచి తీసుకొచ్చి, నేను నోరు తెరిచేలోగా కంచంలో వేసింది. వేశాక వద్దంటే బాగుండదని అల్లం పచ్చడితో సహా పూర్తిచేశాను. పదకొండింటికి డాక్టరు దగ్గర తూకం చూశారు.

"నాలుగు కిలోలు పెరిగారు మాస్టారూ. చక్కెర కూడా పెరిగింది. ఉత్త నడక చాలదు. నెమ్మదిగానైనా పరుగెత్తాలి. ఒక్కరూ వెళ్లకండి, ఎవరినైనా తోడు చూసుకోండి" అన్నాడాయన.

మెట్లు దిగుతుండగానే నీలిమ దులిపేసింది.

"మూడోది వద్దని ఒక్క మాట చెబితే నోరు పడిపోతుందా మావయ్యా?"

"నువ్వు అప్పటికే వేసేశావుగా."

"వేస్తే తినేయడమేనా?"

అరవై రెండేళ్లుగా కంచంలో వేసిందల్లా తింటూనే వచ్చాను.

నీలిమ నా భార్య ఇందుమతి అన్నగారి కూతురు. తార్నాకలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో హాస్టలు దొరికేదాకా ఉంటానని మా ఫ్లాట్‌కి వచ్చింది. ఆ ఏడే ఇందుమతి పోయింది. ఆ తర్వాత హాస్టలు మాట నీలిమా ఎత్తలేదు, నేనూ అడగలేదు. కాలేజీలో ముప్ఫైమూడేళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన నాకు, ఇంట్లో ఇంకో మనిషి అలికిడి వినిపించడమే పెద్ద ఊరట.

సరే, తోడు వెతుక్కోవడం మొదలుపెట్టాను. కోటి మంది ఉన్న ఊళ్లో పక్కన పరుగెత్తడానికి ఒక్క మనిషి దొరకడం ఇంత కష్టమని నాకు తెలియదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాశాను. పదకొండు బొటనవేళ్లు వచ్చాయి, నాలుగు నమస్కారాలు వచ్చాయి, ఒకావిడ నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగింది. మర్నాడు అయిదున్నరకి గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. తర్వాత బి బ్లాకులోని రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు రెండు రోజులు వచ్చాడు. పది అడుగులు పరుగెత్తి ఆగేవాడు, వియ్యంకుడి మీద కోపమంతా చెప్పి మళ్లీ పది అడుగులు వేసేవాడు. మూడో అంతస్తు కుర్రాడు చెవుల్లో ఏవో పెట్టుకుని నాకంటే రెండు ఫర్లాంగులు ముందు పరుగెత్తి, తిరిగి గేటు దగ్గరికొచ్చాక "అరె, అంకుల్, మీరూ వచ్చారా?" అన్నాడు. ఆఖరికి ఫోన్లో ఒక యాప్ వేయించుకుని నా వేగమెంతో నిజాయితీగా రాశాను. నా వేగానికి సరిపడే మనిషి శంషాబాదులో ఉన్నాడని చెప్పింది. తార్నాక నుంచి శంషాబాదు వెళ్లి పరుగెత్తి రావాలంటే ఇక పరుగెత్తాల్సిన పనేముంది?

ఇందుమతి ఉన్నప్పుడు ఇద్దరం యూనివర్సిటీ రోడ్డు మీద నడిచేవాళ్లం. ఆవిడ ఎప్పుడూ నాలుగడుగులు ముందుండేది. మలుపు రాగానే ఆగి చెప్పు పట్టీ సరిచేసుకునేది. ఎన్ని జతలు మార్చినా ఆ పట్టీ వదులయ్యేదేమిటా అని విసుక్కునేవాణ్ణి. ఆవిడ పోయాక బీరువా సర్దుతూ చూశాను. ఆ చెప్పులకు పట్టీలే లేవు.

"ఇక ఊరుకో మావయ్యా, నాకే తలనొప్పి వస్తోంది" అంది నీలిమ మార్చి మొదట్లో. "మా దగ్గరకు రా. మా ప్రయోగానికి ఇంకో జత కావాలి."

ఆ ప్రయోగం గురించి ముక్కలు ముక్కలుగా వింటూనే ఉన్నాను. దానికి వాళ్లు పెట్టిన పేరు 'తోడు'. నేను మాత్రం అట్ట అనేవాణ్ణి, ఎందుకంటే అది బూట్లో వేసుకునే అట్టే. ప్రయోగశాలలో ఒక పొడుగాటి నల్లచాప మీద మూడు నిమిషాలు నన్ను నడిపించారు. వాళ్ల కంప్యూటరు నా అడుగు లయను మిగతావాళ్ల లయలతో పోల్చి చూసింది.

"దొరికాడు" అంది నీలిమ. "నీ నడకా ఆయన నడకా పక్కపక్కన పెడితే తేడా తెలియట్లేదు. హబ్సిగూడలోనే ఉంటాడు."

అరగంటలో ఆ మనిషి వచ్చాడు. పొట్టిగా, గట్టిగా, గళ్ల చొక్కా ఇస్త్రీ చేసి వేసుకుని ఉన్నాడు.

"నమస్తె సార్. నా పేరు సత్తయ్య. ఇర్వై తొమ్మిదేండ్లు సిటీ బస్సు నడిపిన. క్లచ్ తొక్కి తొక్కి ఎడమకాలు జర బలంగుంటది, కుడికాలు ముచ్చట అడగకుండ్రి."

అక్కడికక్కడే నచ్చాడు.

నీలిమ ఇద్దరి బూట్లలో అట్టలు వేసింది. సత్తయ్యను చాప మీద గబగబా పదిసార్లు గుంజీలు తీయమంది. ఆయన తీస్తున్నకొద్దీ నిలబడిన చోటే నా పాదాల కింద నేల మెత్తబడసాగింది. ఏడో గుంజీకి తడి ఇసుకలో దిగబడినట్టయింది.

"అది ఆయన అలసట మావయ్యా. ఆయన కండరాల్ని అట్ట చదివి నీ అట్టకి చెబుతుంది. ఎదుటి మనిషి అలిసినకొద్దీ నీది మెత్తబడుతుంది, నువ్వే నెమ్మదిస్తావు. ఇద్దరూ అలవకపోతే రెండూ గట్టిపడి కాస్త ముందుకు తోస్తాయి, రోజురోజుకీ వేగం పెరుగుతుంది. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు."

"ఇదేంది పాపా, నా ఆయాసం సార్ కాల్లల్లకు పోతదా?" సత్తయ్య ముఖం ఎర్రబడింది. "మంచిగుండదు గద."

"అందుకే ఇది" అంటూ నీలిమ చెరో రబ్బరు ఉంగరం ఇచ్చింది. చూపుడువేలికి తొడుక్కుని బొటనవేలితో నొక్కిపడితే, నొక్కినంతసేపూ మన అలసట అవతలికి వెళ్లదు. మొదటి విడతలో వచ్చినవాళ్లంతా పరాయివాళ్లకి తమ ఆయాసం తెలిసిపోతోందని రెండు రోజులకే అట్టలు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారట. అప్పుడు ఈ ఉంగరం ఆలోచన చేసింది నీలిమే. "ఎప్పుడో ఒక అర నిమిషం ఇబ్బందిగా ఉంటే నొక్కుకోండి. ఎవరు ఎంతసేపు నొక్కారో మేం రాసుకోం. అది మీ సొంత విషయం."

మర్నాడు అయిదున్నరకి యూనివర్సిటీ రోడ్డు మీద మొదలుపెట్టాం. వేపచెట్ల కింద చల్లగా ఉంది. రెండు వందల గజాలు వెళ్లేసరికి నాకు ఆయాసం మొదలైంది. పక్కకు చూశాను. సత్తయ్య తలెత్తుకుని, స్టీరింగు ముందు కూర్చున్నట్టు నిటారుగా పరుగెడుతున్నాడు. నా పాదాల కింద అట్ట రాయిలా గట్టిగా ఉంది. అంటే ఆయనకు ఏమీ అలవలేదన్నమాట. ఇన్ని తిప్పలుపడితే దొరికిన మనిషి, మొదటిరోజే నా బరువు ఆయన కాళ్లకు కట్టడం ఏం బాగుంటుంది? బొటనవేలు ఉంగరం మీద పెట్టి నొక్కాను.

మళ్లీ తీయలేదు. ఆ రోజూ తీయలేదు, ఆ తర్వాత నాలుగు వారాలూ తీయలేదు.

పరుగయ్యాక యూనివర్సిటీ గేటు బయట టీ తాగేవాళ్లం. సత్తయ్య నాకు చక్కెర లేకుండా చెప్పేవాడు, తనదాంట్లో రెండు చెంచాలు వేయించుకునేవాడు. తొంభై ఏడో నంబరు రూట్లో ఏ మలుపులో ఏ ఆవు పడుకునేదో చెప్పేవాడు. నేను చెప్పింది తక్కువ. ఇందుమతి గురించి ఒకరోజు చెప్పాను. ఆయన తన బిస్కట్‌ను సగం విరిచి నా సాసరులో పెట్టాడు. మూడేళ్లుగా చాలామంది చాలా ఓదార్పులు చెప్పారు. ఆ సగం బిస్కట్ గుర్తున్నట్టు అవేవీ గుర్తులేవు.

"మీదే బెస్ట్ జత మావయ్యా!" నీలిమ ఫోన్ పట్టుకుని తిరిగేది. "నలభై జతల్లో మీ ఇద్దరి వేగం గీతే ఒక్కరోజు కూడా కిందికి దిగలేదు. మా సర్ మీటింగులో చూపించారు."

నాకు మాత్రం రాత్రి పడుకుంటే పిక్కలు పట్టేసేవి. అట్ట రోజురోజుకీ గట్టిపడుతోంది, ముందుకు తోస్తోంది. ఈ సత్తయ్య ఏం తింటాడో, ఈ వయసులో ఇంత బలమెక్కడిదో అని మనసులో విసుక్కునేవాణ్ణి. ఒకరోజు కొంచెం ధైర్యం చేశాను.

"కొంచెం నెమ్మదిగా పోదామా సత్తయ్యగారూ?"

"మీకేమన్న ఇబ్బందా సార్?"

"అబ్బే, నాకేం లేదు. మీకేమైనా..."

"నాకేముంటది సార్? మీ ఇష్టం."

"మీ ఇష్టమే."

అలా ఒకరి ఇష్టం ఒకరికి అప్పజెప్పుకుంటూ ఇంకో కిలోమీటరు పరుగెత్తాం.

ఏప్రిల్ మొదటి శుక్రవారం. నీలగిరి చెట్ల దగ్గర చిన్న ఎత్తు ఉంది. దాని మధ్యలో ఉండగా, ఉన్నట్టుండి నా కాళ్ల కింద రోడ్డు మాయమైంది. రెండు పాదాలూ బురదలోకి చీలమండల దాకా కూరుకుపోయినట్టయి బోర్లాపడబోయి చేతులు ఆనించాను. ఎంత లాగినా కాలు లేవదు. ప్రయోగశాలలో గుంజీలు తీసినప్పటి తడి ఇసుక దీనిముందు ఏమూలకూ రాదు. అది ఒక్కరోజు అలసటలా లేదు.

వెనక్కి తిరిగాను. సత్తయ్య రోడ్డువారన కూర్చుని ఉన్నాడు. ఎడమచేయి ఒళ్లో వాలిపోయి ఉంది. ముఖమంతా చెమట. చూపుడువేలి ఉంగరం మీంచి బొటనవేలు జారిపోయింది.

అప్పుడు అర్థమైంది. ఆ బొటనవేలు కూడా ఈ నాలుగు వారాలూ అక్కడే ఉంది.

"ఏం లేదు సార్" అన్నాడు. మాట సరిగా రావట్లేదు. "జర... గ్యాసు... మీరు ఉరుకుండ్రి..."

"నోర్ముయ్యండి!" అన్నాను. నా జీవితంలో ఒక పెద్దమనిషిని ఆ మాట అనడం అదే మొదలు. ఫోన్ చేస్తే అంబులెన్సుకు ఇరవై నిమిషాలన్నారు. గేటు దగ్గర ఆటోలుంటాయి, అర కిలోమీటరు. లేవబోతే కాళ్లు కదలవు. ఆయన బరువుతో నా అట్టలు నన్ను నేలకు పట్టేశాయి. నా బొటనవేలు ఇంకా ఉంగరాన్ని నొక్కుతూనే ఉంది. ఇప్పుడు వదిలితే నా ఆయాసం ఆయన పాదాలకు చేరుతుందేమోనని వదలలేకపోయాను. పాక్కుంటూ వెళ్లి ఆయన బూట్లు ఊడదీశాను. తర్వాత నావీ ఊడదీసి, ఉంగరం పీకి బూట్లో పడేశాను.

సాక్సులతో పరుగెత్తాను. కంకర గుచ్చుకుంది. నా అడుగు, నా ఆయాసం, నా గుండె. నెల రోజుల్లో మొదటిసారి నాది నాకు తెలిసింది. అది ఏమంత వేగం కాదు. కానీ ఆటో దొరికింది.

ఆసుపత్రిలో గుండెకు స్టెంట్ వేశారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే మాటలు వేరుగా ఉండేవన్నాడు డాక్టరు. రెండో రోజు సాయంత్రం లోపలికి పోనిచ్చారు. సత్తయ్య మంచం మీద, ఆయన భార్య సుగుణమ్మ పక్కన స్టూలు మీద.

"ఛాతీల పట్టినట్టు ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగాను.

"రెండు వారాలాయె సార్."

"మరి చెప్పరేం?"

"మీరు గుర్రం లెక్క ఉరుకుతుంటే నేనెట్ల ఆగుత సార్? నా కాల్ల కింద అట్ట రాయి లెక్క ఉండె. సార్‌కు ఇన్ని రోజులకు ఒక జోడు దొరికిండు, నేను ఆగితె ఇంకోన్ని చూసుకుంటడేమో అని..."

"నాదీ రాయిలాగే ఉందండీ! మీరు గుర్రంలా పరుగెడుతున్నారనే కదా నేను..."

సుగుణమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ చేతిలో బత్తాయి సగం వలిచి ఉంది.

"ఏం మనుషులయ్య మీరు? గడ్డాలు తెల్లబడ్డయి, పాణం మీదికి తెచ్చుకున్నరు. 'ఆగు' అన్నందుకు ఎవలన్న పైసలడుగుతరా? నోరుండి మూగోల్లయిండ్రు గదా!" అని ఒక తొన ఆయన నోట్లో, ఒక తొన నా చేతిలో పెట్టింది. ఇద్దరం కిక్కురుమనకుండా తిన్నాం.

ఇంటికొచ్చేసరికి నీలిమ హాల్లో నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ అట్టపెట్టెలు. జతలన్నింటి దగ్గర్నుంచీ ఉంగరాలు వెనక్కి తెప్పించి, ఇక్కడ ఒక్కొక్కటీ దీపం కింద పెట్టి చూస్తోంది.

"ఎనభై ఉంగరాలు మావయ్యా. చూడు." కొత్త ఉంగరం మీద రబ్బరుకు సన్నని గరుకుగీతలుంటాయి. ఆ కుప్పలో ఉన్నవి నున్నగా అరిగిపోయి, బొటనవేలు పెట్టిన చోట గుంట పడి ఉన్నాయి. "డెబ్బైమూడు ఇలా ఉన్నాయి. అరగనివి ఏడే. అందులో నాలుగు మొగుడూపెళ్లాలవి, రోజూ కొట్టుకునే అన్నదమ్ములవి రెండు. ఏడోది ఎవరో మొదటిరోజే పారేసుకుంటే, ఇప్పుడు దొరికిందట."

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల ముఖం చూసి మింగేశాను.

"ఉంగరం నొక్కితే అలసట సున్నా అని లెక్క. ఇద్దరూ నొక్కితే ఇద్దరికీ ఏమీ అలవలేదని లెక్క. ఇంకా తోస్తుంది. అది నేనే రాశాను. అర నిమిషం నొక్కుతారనుకున్నాను. మన ఇంట్లోనే ఉంటూ, నిన్ను రోజూ చూస్తూ, మూడో పెసరట్టు నా చేత్తో వేసి... అయినా నాకు తట్టలేదు." ఆమె ఉంగరాన్ని పెట్టెలోకి విసిరింది. "మా సర్ ఏమంటున్నారో తెలుసా? సత్తయ్యగారికి ముందే రక్తనాళం పూడిపోయింది కదా, మన అట్టకు సంబంధం లేదని రాసేయమంటున్నారు. రాస్తే ప్రయోగం నడుస్తుంది. రాయకపోతే మూడేళ్ల పని బుట్టదాఖలు. ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు మావయ్యా, అదీ నా ఖర్మ!"

"నా పేరు రాయి" అన్నాను. "నేను నాలుగు వారాలూ నొక్కి ఉంచానని రాయి. సంతకం పెడతాను."

ఆమె పెట్టెలు మూయసాగింది. రాస్తుందో లేదో ఆ తర్వాత రోజుల్లోనూ తేలలేదు. పొద్దున వెళ్లేది, చీకటిపడ్డాక వచ్చేది. ఆ నివేదిక తెరిచి కూర్చునేది, మూసేది. భోంచేశావా అంటే చేశాను, అలిసిపోయావా అంటే లేదు మావయ్యా బాగానే ఉన్నాను అనేది. నాకు ఏ అట్టా లేకపోయినా, ఆమె నడుస్తుంటే హాల్లో నేల మెత్తబడుతున్నట్టుండేది. అది అడగడం మాత్రం నాకు చేతకాలేదు.

మే నెలాఖరున సత్తయ్యను నెమ్మదిగా నడవమన్నారు. మొదటిరోజు అయిదున్నరకే గేటు దగ్గర ఉన్నాడు. చిక్కిపోయాడు, చొక్కా ఇస్త్రీ మాత్రం అలాగే ఉంది. జేబులోంచి ఒక పాత కవరు తీశాడు. అందులో మూడు విజిల్స్. ఇత్తడివి, కండక్టర్లు వాడేవి.

"డిపోకు పోయి తెచ్చిన సార్. మాకు తెలుసు గద, రెండు విజిల్లంటె పోనీయి, ఒక్క విజిలంటె ఆపు. ఇర్వై తొమ్మిదేండ్లల్ల లచ్చసార్లు నన్ను ఆపిండ్రు. ఒక్కసారన్న కోపమొచ్చిందా? బండి ఆపుడు ఇజ్జత్ తక్కువ పనా? నోటికి మొహమాటం గని, విజిల్‌కు ఏం మొహమాటం సార్?"

"మూడోది ఎవరికండీ?"

"పాపకు. మస్తు పరేషాన్ల ఉన్నదని మా సుగుణ చెప్పింది. దవాఖానల కలిసిందట, నవ్వుకుంటనే ఏడ్చిందట."

నాతో చెప్పని సంగతి సుగుణమ్మతో చెప్పుకుంది. కొంచెం నొప్పి కలిగింది, అంతకంటే ఎక్కువ నెమ్మది కలిగింది. చెప్పుకోవడానికి ఎవరో ఉన్నారు.

నడక మొదలైంది. ఆరో కరెంటు స్తంభం దగ్గర సత్తయ్య గట్టిగా ఒక్క విజిల్ వేశాడు. ముందు పోతున్న సైకిలువాడు ఠక్కున ఆగి వెనక్కి చూశాడు. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. రెండు నిమిషాలాగి ఆయన రెండు విజిల్స్ వేశాడు, లేచాం. పదో స్తంభం దగ్గర నా వంతు. విజిల్ నోట్లో పెట్టుకున్నాను గానీ ఊదడం చాలా కష్టమైంది. చుట్టూ చూశాను. నాకు నిజంగానే కాళ్లు లాగుతున్నాయి. ఊదాను. సన్నగా, పిల్లిపిల్ల అరిచినట్టు వచ్చింది.

"సార్, గట్ల ఊదితె బస్సు ఆగది, మీదికెల్లి పోతది" అన్నాడు సత్తయ్య. కానీ ఆగాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నీలిమ చపాతీలు చేసింది. రెండు తిన్నాను. మూడోది పట్టుకుని వస్తుంటే జేబులోంచి విజిల్ తీసి ఒక్కసారి ఊదాను. ఆమె చపాతీతో అలాగే నిలబడిపోయింది. తర్వాత పగలబడి నవ్వింది. దాదాపు రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది.

మూడో విజిల్‌ను ఆమె బల్ల మీద, కంప్యూటరు పక్కన పెట్టాను. సత్తయ్య చెప్పిందంతా చెప్పాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరేలే మావయ్యా, నాకు పనుంది" అని తెరవైపు తిరిగింది. నేను నా గదిలోకి వచ్చేశాను.

తొమ్మిదిన్నర అయింది. పక్కగదిలోంచి ఒక్క విజిల్ వినిపించింది. చిన్నది, భయం భయంగా. నేను ఊదినదానికంటే కూడా సన్నగా ఉంది.

వెళ్లాను. నీలిమ మంచం మీద మోకాళ్లు దగ్గరకు లాక్కుని పడుకుని ఉంది. విజిల్ పిడికిట్లో ఉంది. కంప్యూటరు మూసి లేదు. నివేదిక పంపినట్టు తెర మీద కనిపిస్తోంది. డెబ్బైమూడు ఉంగరాలు అని మొదటి పేజీలోనే ఉంది. దానికింద ఉంగరం పెట్టమన్నది నేనేనని ఆమె పేరు, దానికింద నొక్కి ఉంచింది నేనని నా పేరు.

"అలిసిపోయాను మావయ్యా" అంది కళ్లు తెరవకుండానే.

"తెలుసమ్మా. పడుకో."

దుప్పటి కప్పి, దీపం ఆర్పాను. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాను.